పాత వెదురు ఫర్నిచర్ హాల్లో ఎలా సర్దాలి? అన్నిటికీ తెల్ల పెయింట్ వేసేయొచ్చా?

ముందు ఆ పెయింట్ డబ్బా మూత తీయకండి. మిగతాదంతా నిదానంగా మాట్లాడుకుందాం.

మీరు రాసినదాన్ని బట్టి ఇంట్లో పెద్దవాళ్ళ నుంచి నాలుగు రకాల సామాన్లు వచ్చాయి: నల్లటి అరల మీద బంగారు రంగు పక్షుల బొమ్మలున్న పొడవాటి వెదురు స్టాండు, గుండ్రటి లావు చేతులున్న రెండు కుర్చీలు, ఒక చిన్న చదరపు బల్ల, వెదురు ఫ్రేములో అద్దం. అన్నీ హాల్లో పెడితే రిసార్టు లాబీలా ఉంటుందేమోనని మీ భయం. ఒకదాని రంగు ఒకదానితో కలవడం లేదు కాబట్టి అన్నిటికీ తెల్ల రంగు కొట్టేద్దామా అన్నారు. చివర్లో, ఏదో చిన్న విషయంలా, స్టాండు కింద పసుపచ్చ పొడి రాలుతోందని కూడా రాశారు. నేను ఏళ్ళ తరబడి ఇలాంటి సామాన్లు బాగుచేస్తూ, ఇళ్ళలో సర్దిపెడుతూ ఉన్నాను. నా లెక్కలో ఇది అలంకరణ కన్నా ముందు పదార్థం గొడవ. ఏది నిజం వెదురో, ఏది పేమో, ఏది వెదురులా చెక్కిన చెక్కో తేలితే దేన్ని ఎక్కడ పెట్టాలో చాలావరకు అదే తేలిపోతుంది.

పొడి సంగతి మొదట చూడండి. అది తేలేదాకా ఆ స్టాండు మీ మిగతా చెక్క సామాన్ల పక్కకి వెళ్ళకూడదు. వెదురులో పిండిపదార్థం ఎక్కువ, దాన్ని తినడానికే పుచ్చు పురుగు పడుతుంది. గుండుసూది గుచ్చినంత రంధ్రాలు, వేళ్ళ మధ్య రుద్దితే గరుకే తగలనంత మెత్తటి పొడి కనిపిస్తే అది దాని పనే. చెదలైతే మట్టి దారులు కడతాయి, లేదంటే గరుగ్గా చేతికి తగిలే గింజల్లాంటి రెట్ట రాలుస్తాయి.

అయితే పొడి రాలుతోందంటే పురుగు బతికే ఉందని కాదు. ఎప్పుడో తిని వెళ్ళిపోయిన పురుగు వదిలిన పొడి కూడా బొంగు లోపల ఉండిపోయి, సామాను కదిలించినప్పుడల్లా కాస్త కాస్త రాలుతుంది. మీరు మొన్ననే ఇల్లు మార్పించి తెచ్చారు కాబట్టి అదే అయ్యుండొచ్చు. మెత్తటి బ్రష్‌తో, వాక్యూమ్‌తో రంధ్రాలన్నీ శుభ్రం చేసి, స్టాండును విడిగా ఒక గదిలో నిలబెట్టి కాళ్ళ కింద నల్ల కాగితం పరచండి. నెలా రెండు నెలలు ముట్టుకోకుండా చూడండి. ఈ పరీక్ష వేడి రోజుల్లోనే చేయాలి, చలిలో పురుగు మందకొడిగా ఉంటుంది కాబట్టి అప్పుడు పొడి రాలలేదని సంబరపడితే మోసపోతారు. కాగితం మీద కొత్తగా చిన్న కుప్పలు పడి, రంధ్రం అంచులు లేత రంగులో తాజాగా ఉంటే పురుగు లోపలే ఉంది. అంచులు నల్లబడి దుమ్ము పట్టి ఉంటే అది పాత కథ.

పురుగు ఉందని తేలితే మందు స్ప్రే కొట్టేస్తే పోతుందని చాలామంది అంటారు. పోదు. వెదురు పైచర్మం నున్నగా, సిలికాతో గట్టిగా ఉంటుంది, దానిలోంచి ద్రవం లోపలికి దిగదు, కోసిన చివర్లలోంచి, రంధ్రాల్లోంచి మాత్రమే పోతుంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో నానబెట్టే పద్ధతి పచ్చి వెదురుకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది కానీ తయారై, పాలిష్ పడి, అతుకులు వేసిన పాత సామానుకు కాదు. చిన్న వస్తువులైతే పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో 2 వారాలు ఉంచడం నమ్మకమైన మార్గం. మీ స్టాండుకు లక్క పూత అరలున్నాయి, అంత చలికి పూత పగలొచ్చు, కాబట్టి దానికి ఈ దారి వద్దు. పాత వస్తువులకు ఆక్సిజన్ తీసేసిన సంచిలో పెట్టి వైద్యం చేసే కన్సర్వేటర్లు ఉంటారు, వాళ్ళను అడగండి. పెస్ట్ కంట్రోల్ వాళ్ళనే పిలిస్తే లక్క పూత ఉందని ముందే చెప్పి, తడి మందు అరల మీద పడకుండా చూసుకోండి.

ఇక ఏది ఏంటో పట్టుకోవడం. వెదురు లోపల డొల్ల, పేము లోపల నిండు. కాలి అడుగు చూడండి, వెనక వైపు ఎక్కడైనా కోసిన చివర కనిపిస్తే చూడండి. వెదురైతే డొల్ల కనిపిస్తుంది, లేదా ఆ డొల్లలో చెక్క బిరడా దిగ్గొట్టి ఉంటుంది. పేమైతే నిండుగా ఉండి, కోత మీద సన్నటి చుక్కల్లా రంధ్రాలుంటాయి. కణుపులు కూడా చెబుతాయి. వెదురు కణుపు ఉబ్బి ఉంటుంది, చాలా రకాల్లో దాని పక్కనే కొమ్మ కోసేసిన మచ్చ ఉంటుంది, ఆ మచ్చ ఒక కణుపు దగ్గర ఈ పక్కన ఉంటే పై కణుపు దగ్గర ఆ పక్కన ఉంటుంది. పేము మీద ఆకు ఊడిన గీత మాత్రం సన్నగా చుట్టూ తిరిగి ఉంటుంది, ఉబ్బు ఉండదు. మూడో రకంలో బీచ్ అనే చెట్టు చెక్క లాంటిదాన్ని లేతు (చెక్కను గుండ్రంగా తిప్పుతూ చెక్కే యంత్రం) మీద తిప్పి కణుపుల్లా ఉబ్బులు తీస్తారు. ఉబ్బులన్నీ ఒకే దూరంలో, ఒకే లావులో, మరీ బుద్ధిగా ఉంటే అనుమానించండి. ప్రకృతికి అంత క్రమశిక్షణ ఉండదు.

ఆ మూడో రకాన్ని నకిలీ అని కొట్టిపారేయకండి, కొన్నిసార్లు అదే ఎక్కువ విలువైనది. 18వ శతాబ్దం చివర్లో చైనా వస్తువుల మోజు పట్టిన ఇంగ్లండులో బీచ్ చెక్కను వెదురులా తిప్పి రంగులు వేసిన కుర్చీలు పెద్దింటి ఫ్యాషన్. బ్రైటన్‌లోని రాయల్ పెవిలియన్‌ను 1815 నుంచి జాన్ నాష్ తిరిగి కట్టినప్పుడు పోత ఇనుముతో వెదురులా కనిపించే మెట్లు పోయించాడు, అంటే ఆ పిచ్చి ఎంతదాకా వెళ్ళిందో చూడండి. 19వ శతాబ్దం చివర్లో న్యూయార్క్‌లో ఆర్. జె. హార్నర్ కంపెనీ మేపుల్ చెక్కతో వెదురు తరహా పడకగది సెట్లు చేసింది, ఇప్పటికీ సేకరించేవాళ్ళు వెతికి కొంటారు. అసలు వెదురు విషయానికొస్తే, 19వ శతాబ్దం రెండో సగంలో జపాన్ వస్తువులు ప్రపంచ ప్రదర్శనల్లోకి వచ్చాక ఇంగ్లండు, ఫ్రాన్సుల్లో వెదురు ఫర్నిచర్ చేసే వర్క్‌షాపులు జోరందుకున్నాయి. నల్ల లక్క పలకలు, గడ్డి చాప అంటించిన అరలు, సెగ చూపించి గోధుమ రంగు మచ్చలు తెప్పించిన బొంగులు, వేరు దగ్గరి వంపు భాగాన్నే కాలుగా వాడి బయటికి వంచిన పాదాలు ఆ కాలపు గుర్తులు. మీరు చెప్పిన స్టాండు ఈ కుటుంబానికి చెందినదే అనిపిస్తోంది.

కుర్చీల లావు చేతులు ఒకే వంపులో గుండ్రంగా తిరిగాయంటే అవి దాదాపు ఖాయంగా పేమే. అంత లావు వెదురును అంత వంపు తిప్పితే చీలిపోతుంది, పేమును ఆవిరి పట్టి ఎటు కావాలంటే అటు వంచొచ్చు. ఈ తరహాకు 20వ శతాబ్దం మధ్యలో అమెరికాలో మంచి గిరాకీ. పాల్ ఫ్రాంకల్ అనే డిజైనర్ పేముతో చుట్టలు చుట్టినట్టున్న చేతుల కుర్చీలు గీశాడు, 1948లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన మెక్‌గ్వైర్ కంపెనీ అతుకుల మీద పచ్చి తోలు కట్లు కట్టి పేరు తెచ్చుకుంది. మీ కుర్చీల కట్లు తోలువో, పేము బద్దవో, ప్లాస్టిక్‌వో ఒకసారి చూడండి. వయసు తేల్చడానికి ఇంకో రెండు చిన్న గుర్తులున్నాయి. ప్లస్ గుర్తున్న స్క్రూలు 1930ల తర్వాతే వాడకంలోకి వచ్చాయి, 1880ల సామానులో అవి కనిపిస్తే మధ్యలో ఎవరో విప్పి బిగించినట్టు. అమెరికాకు దిగుమతయ్యే సరుకు మీద ఏ దేశంలో చేశారో ముద్ర వేయాలన్న చట్టం 1890లో వచ్చింది, కాబట్టి స్టాండు అర కింది వైపున దేశం పేరు ఉంటే అది చాలావరకు ఆ తర్వాతి సరుకే. పేరు లేనంత మాత్రాన అంతకన్నా పాతదని మాత్రం అనుకోవద్దు, అంటించిన కాగితాలు ఊడిపోతూనే ఉంటాయి.

సరే, హాలుకి వద్దాం.

వెదురు సామాను అందం గీతల్లో ఉంటుంది. నిండైన బీరువా గదిలో ఒక ముద్దలా కూర్చుంటుంది, వెదురు స్టాండు అలా కాదు, దాని మధ్యలోంచి వెనక గోడ కనిపిస్తూనే ఉంటుంది. అంటే వెనక ఏముందో అది కూడా ఆ సామానులో భాగమే. దాని వెనక పూల వాల్‌పేపరో, పుస్తకాల బీరువానో, చారల కర్టెనో ఉంటే గీతల మీద గీతలు పడి కంటికి ఏమీ అర్థం కాదు. ఖాళీ గోడ, ఒకే రంగు, అంతే. తేనె రంగు వెదురుకు ముదురు ఆకుపచ్చ, ముదురు నీలం, చాక్లెట్ రంగు గోడలు బాగా కుదురుతాయి, అదే తెలుపు మీద పెడితే వెలిసిపోయినట్టు ఉంటుంది. సెగ మచ్చలున్న ముదురు వెదురుకు మాత్రం లేత గోడే మంచిది, లేకపోతే మచ్చలు కలిసిపోతాయి. మీ స్టాండులో నల్ల అరలు, బంగారు పక్షులు ఉన్నాయి, వెనక కాస్త పాలిపోయిన పసుపో, గచ్చు రంగో ఉంటే ఆ నలుపు గీత గీసినట్టు నిలబడుతుంది. గోడ మొత్తం వేయించే ఓపిక లేకపోతే ఆ స్టాండు నిలబడే ఒక్క గోడకే వేయించండి.

రిసార్టు భయం గురించి. హాలును రిసార్టులా చేసేది వెదురు కాదండీ, వెదురుకు తోడుగా మనం తెచ్చిపెట్టే చుట్టాలు. జనపనార తివాచీ, అల్లిన లైటు బుట్ట, తాటాకు ముద్రల దిండ్లు, కిటికీలకు వెదురు తెరలు, మూల పెద్ద ఆకుల మొక్క. ఒక్కొక్కటి విడిగా బానే ఉంటుంది, ఐదూ కలిస్తే రిసెప్షన్‌లో తాళంచెవి అడగాలనిపిస్తుంది. వెదురు ఉన్న గదిలో మిగతావన్నీ దానికి ఎదురు గుణం ఉన్నవి ఉండాలి: నేలకి ఆనిన బరువైన సోఫా, రాయో గాజో ఉన్న సెంటర్ టేబులు, మందపాటి ఉన్ని తివాచీ, కాస్త ముదురు రంగు చెక్క. పాత టేకు బీరువా పక్కన వెదురు కుర్చీ ఎంత తేలిగ్గా కనిపిస్తుందో, ఇంకో వెదురు కుర్చీ పక్కన అంత మామూలుగా కనిపిస్తుంది.

ఎన్ని పెట్టాలి అనేదానికి నేను వాడే కొలత ఒకటే, సోఫాలో కూర్చుని తల తిప్పకుండా చూస్తే ఒక పెద్ద వెదురు వస్తువు కన్నా ఎక్కువ కనపడకూడదు. జంట కుర్చీలు ఒకటి కిందే లెక్క. మీ సామాన్లలో స్టాండు, కుర్చీలు రెండూ ఒకే చూపులో పడకుండా సర్దాలి. కుర్చీలు కిటికీ దగ్గర సోఫాకి ఎదురుగా, స్టాండు సోఫా వెనక పక్క గోడకో, డైనింగ్ వైపుకో. చిన్న బల్ల ఏ కుర్చీ పక్కనా పెట్టకండి, సోఫా చివర పెట్టండి, అప్పుడు సెట్టులా కాకుండా ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరినట్టు ఉంటుంది, అదే కావాలి మనకు. అద్దాన్ని హాలు నుంచి తీసేయండి, దాని సంగతి చివర్లో చెప్తాను.

రంగులు కలవడం లేదన్నారు. కలవక్కర్లేదు. పాత వెదురు మూడు తీరులుగా దొరుకుతుంది, తేనె రంగు, మచ్చల ముదురు రంగు, నల్ల లక్క. మూడూ ఒకే హాల్లో ఉన్నా ఇబ్బంది లేదు, వాటిని కలిపే ఒక రంగు గదిలో రెండు మూడు చోట్ల కనిపిస్తే చాలు. మీ విషయంలో అది నలుపు: స్టాండు అరలు, ఒక నల్ల లాంప్, నల్ల ఫ్రేము పటం. పెయింట్ ఎందుకు వద్దంటున్నానంటే, వెదురు పైచర్మం రంగును పట్టుకోదు. పట్టుకోవాలంటే సాండ్ పేపర్ వేయాలి, వేస్తే ఆ చర్మమే పోతుంది, సెగ మచ్చలూ పోతాయి, మళ్ళీ తెప్పించలేం. కొన్నాళ్ళకు కణుపుల దగ్గర పెయింట్ పెచ్చులు లేస్తుంది, కట్ల సందుల్లోకి దిగినది ఏ రసాయనంతో తీసినా జిగురుని, నారని కూడా తినేస్తుంది. లక్క అరల మీద కొడితే ఆ పక్షులతో పాటు సామాను విలువ కూడా పోయినట్టే. కుర్చీలు మాత్రం మామూలు కంపెనీ పేము అయ్యి, పాలిష్ ఇప్పటికే పోయి, మచ్చలు పడి ఉంటే వాటికి మెరిసే ముదురు రంగు వేయించుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ అప్పుడు కూడా తెలుపు వద్దు, బాల్కనీ కుర్చీల్లా అవుతాయి.

కుర్చీల దిండ్ల దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. పాత పేము కుర్చీలు కొంచెం తక్కువ ఎత్తులో ఉంటాయి, ఇప్పటి సోఫాలు నేల నుంచి 43-45 సెంటీమీటర్లు ఉంటే ఇవి దిండు లేకుండా 30 దగ్గరే ఉండొచ్చు. ఎత్తు చాలదని మందపాటి గట్టి ఫోమ్ వేయిస్తే కూర్చోవడానికి ఎత్తు వస్తుంది గానీ చేతుల ఎత్తు అక్కడే ఉంటుంది కదా, మోచేతులు ఆనించడానికి వంగాలి. కుట్టించే ముందు దుప్పట్లు మడిచి వేసి కూర్చుని చూడండి, మోచెయ్యి హాయిగా ఆనిన చోట ఆగి ఆ మందం కొలవండి, మనిషి కూర్చున్నప్పుడు ఫోమ్ నొక్కుకుంటుంది కాబట్టి ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు కలపండి. గుడ్డ బరువైనదిగా, ఒకే రంగులో ఉండాలి, అంచుకి అదే రంగు కాస్త ముదురులో పైపింగ్. వెల్వెట్ బాగుంటుంది, మందపాటి లినెన్ బాగుంటుంది, ముద్రలున్నది వద్దు, కుర్చీయే ఒక డిజైన్.

స్టాండు మీద సగం ఖాళీ ఉంచండి. అరలు పల్చటి చెక్క పలకలు, వాటి బరువంతా సన్నటి అతుకుల మీద ఉంటుంది కాబట్టి పుస్తకాల వరుసలు పెట్టే పని లేదు. కింది అర మీద కాస్త బరువైన కుండో పెట్టెనో, మధ్యలో ఒకటో రెండో, పైన ఒక పొడవాటి వస్తువు, అంతే. చిన్న చిన్న బొమ్మలు వరుసగా పేరిస్తే బంగారు పక్షులు కనపడవు. మొక్కలు పెట్టాలని చేతులు ఊరతాయి, పెట్టొద్దు. ట్రే ఉన్నా ఆకుల నుంచి, కుండీ నుంచి వచ్చే చెమ్మకి లక్క మీద తెల్ల మచ్చ పడుతుంది. వెనక నుంచి ఒక పట్టీతో గోడకి బిగించండి, ఇలాంటివి ఎత్తుకు తగ్గ బరువు లేక పిల్లలు పట్టుకుంటే మీద పడతాయి. సాయంత్రం పూట దానికి పక్క నుంచి లైటు పడేలా లాంప్ పెడితే గోడ మీద నీడ గీతలు పడతాయి, ఆ ఒక్కటీ మీరు పెట్టే అన్ని బొమ్మల కన్నా బాగుంటుంది.

ఎక్కడ పెట్టకూడదంటే, ఏసీ గాలి నేరుగా తగిలే చోట, హీటర్ పక్కన, మధ్యాహ్నపు ఎండ పడే చోట. గాలి మరీ పొడిబారితే వెదురు నిలువునా చీలుతుంది, మరీ చెమ్మగా ఉంటే బూజు పడుతుంది. తేమ 40 నుంచి 60 శాతం మధ్య పెద్దగా మారకుండా ఉంటే దానికి హాయి. ఇవి ఇంట్లో పెట్టుకునేవే, బాల్కనీకి కాదు. ఎవరూ పట్టించుకోని ఇంకో శత్రువు తడిగుడ్డ. నేల తుడిచినప్పుడల్లా కాలి అడుగున కోసిన చివర నీళ్ళు పీలుస్తుంది, పైకి ఏమీ కనపడదు, కొన్నేళ్ళకు పాదం నల్లబడి మెత్తబడుతుంది. ఇత్తడి తొడుగులుంటే అలాగే ఉంచండి, లేకపోతే కాలి కింద మందపాటి ఫెల్ట్ ముక్క అంటించి, తడిసినప్పుడు మార్చేయండి.

శుభ్రం చేయడం సులువే. బ్రష్, వాక్యూమ్, ఆ తర్వాత గట్టిగా పిండేసిన గుడ్డ, వెంటనే పొడి గుడ్డ. బొంగుల మీద ఏడాదికి ఒకసారి పల్చగా మైనం పాలిష్ పడితే చాలు, నూనెలు పూయకండి, జిడ్డుకి దుమ్ము అతుక్కుని కట్లన్నీ నల్లబడతాయి. నిలువు చీలిక వస్తే చెక్క జిగురు లోపలికి ఎక్కించి గుడ్డ పట్టీలతో బిగించి ఒక రోజు వదిలేయండి. వదులైన అతుక్కి మేకు మాత్రం కొట్టొద్దు, మేకు దిగిన చోటే చీలుతుంది. పాత కట్టు విప్పి, లోపలి చెక్క బిరడాకి కొత్త జిగురు పెట్టి, నానబెట్టిన పేము బద్దతో మళ్ళీ కట్టించాలి. బద్ద ఆరాక బిగుసుకుంటుంది.

అద్దం ప్రవేశ ద్వారం దగ్గర ఒంటరిగా వేలాడదీయండి, బాత్రూములో వద్దు. వేలాడదీసేటప్పుడు వెదురు ఫ్రేముకి తీగ కట్టకండి, ఆ మూలలు అద్దం బరువు మోయడానికి చేసినవి కావు. వెనక చెక్క పలక ఉంటే దానికి కొక్కేలు వేయించి రెండు చోట్ల గోడకి ఆనేలా చూడండి. పలక లేకపోతే ముందు అది వేయించాకే గోడకెక్కించండి.